గిట్టుబాటు ధర లెక్క తేల్చే చదువు
పొలం గట్టు మీద పద్దులు రాసిన పండితులు - మెట్ట రైతుకు వారి పాఠం

నందిగామ :

పత్తి క్వింటా ఏ ధరకు అమ్మావని అడిగితే మెట్ట ప్రాంతంలో ఏ రైతయినా తడుముకోకుండా చెబుతాడు. కాటాలో ఎంత తూగిందీ, తరుగు కింద ఎంత పోయిందీ కూడా చెబుతాడు. కాని ఆ క్వింటా పండించడానికి ఎంత ఖర్చయిందని అడిగితే మాత్రం జవాబు తొందరగా రాదు. విత్తనానికి ఇంత, ఎరువుకు ఇంత, పురుగుమందుల దుకాణంలో అరువు ఇంత అని వేళ్ళు మడుస్తాడు. ఇంటిల్లిపాదీ చేలో పడిన కష్టానికి కూలి కట్టడు. సొంత చెక్కకు కౌలు కట్టడు. పాడైన పంపుకు, అరిగిన గొర్రుకు లెక్కే ఉండదు. చివరకు దేవుడిదే భారమంటూ లేస్తాడు.

ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే వృత్తిగా, కొందరి విషయంలో జీవితంగా చేసుకొన్న పండితులు ఉన్నారంటే వింతగా తోచవచ్చు. పండించినవాడికి న్యాయమైన ధర దక్కుతోందా? అలా పండిస్తూ పోతే రేపటికి నేల, నీరు మిగులుతాయా? ఈ రెండు ప్రశ్నలూ నేడు విశ్వవిద్యాలయాల్లో పెద్ద చదువులు. మొదటిదాన్ని ఇంగ్లీషువారు ఫెయిర్ ట్రేడ్ అంటారు. మనం న్యాయ వాణిజ్యం అనుకోవచ్చు. రెండవది సుస్థిరాభివృద్ధి. పేర్లు కొత్తవే గాని చదువు పాతదే. మన పొరుగున ఉన్న గుంటూరు జిల్లా రైతుబిడ్డ ఒకరు దాదాపు వందేళ్ళ క్రిందటే ఈ దారి తొక్కారు.

సెలవుల్లో ఊరికి ప్రశ్నాపత్రం

దక్షిణాదిలో ఈ చదువుకు తొలి అడుగు మద్రాసులో పడింది. మద్రాసు విశ్వవిద్యాలయంలో భారత ఆర్థికశాస్త్రానికి మొదటి ఆచార్యుడుగా వచ్చిన గిల్బర్ట్ స్లేటర్ 1916లో ఒక పని చేశారు. సెలవులకు ఇళ్ళకు పోతున్న విద్యార్థుల చేతికి ప్రశ్నల పట్టీ ఇచ్చి, మీ ఊళ్ళో భూమి ఎవరిది, కూలి ఎంత, అప్పు ఎంత, సరుకు ఎక్కడ అమ్ముతారు అని రాసుకు రమ్మన్నారు. ఆ పిల్లలు తెచ్చిన సమాచారంతో 1918లో దక్షిణ భారత గ్రామాలపై ఒక గ్రంథం వెలువడింది. సుమారు 20 ఏళ్ళ తరువాత అదే విశ్వవిద్యాలయంవారు అవే ఊళ్ళకు తిరిగి వెళ్ళి ఏం మారిందో చూసి 1940లో మరో పుస్తకం తెచ్చారు.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఊరి సంగతి తెలియాలంటే కలెక్టరు కచేరీలోని రికార్డు చాలదనీ, గడప గడపకూ వెళ్ళి అడగాలనీ, కొన్నేళ్ళకు మళ్ళీ వెళ్ళి అడగాలనీ ఆనాడే గ్రహించారు.

నిడుబ్రోలు రైతుబిడ్డ

గుంటూరు జిల్లా నిడుబ్రోలులో 1900 నవంబరు 7న పుట్టిన గోగినేని రంగనాయకులు అంటే చాలామందికి తెలియదు. ఎన్.జి. రంగా అంటే తెలియనివారు లేరు. రైతు నాయకుడుగా, పార్లమెంటు సభ్యుడుగానే ఆయన ఈ తరానికి తెలుసు. అంతకు ముందు ఆయన ఆర్థికశాస్త్ర ఆచార్యుడన్న సంగతి మరుగున పడింది. పేరుకు ముందు ఆచార్య అన్న మాట వట్టి గౌరవానికి తగిలించింది కాదు.

గుంటూరులో చదివి, ఇంగ్లండు వెళ్ళి ఆక్స్‌ఫర్డ్‌లో ఆర్థికశాస్త్రంలో పట్టా తీసుకొన్న రంగా అక్కడ కూర్చుని రాసింది మన పల్లెల గురించే. భారత గ్రామాల ఆర్థిక వ్యవస్థపై ఆయన రాసిన గ్రంథం మొదటి భాగం 1926లోనూ, రెండవ భాగం 1929లోనూ వెలువడ్డాయి. మొదటి భాగం డెల్టా గ్రామాలకు సంబంధించినది. స్వదేశం వచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులుగా పని చేస్తూ దక్షిణ భారత చేనేత కార్మికుల బ్రతుకుల మీద మరో పరిశోధన చేశారు. అది 1930లో పుస్తకంగా వచ్చింది. మగ్గం మీద కూర్చున్నవాడికీ, చీర కొన్నవాడికీ మధ్య ఎందరున్నారు, నూలు అప్పు ఇచ్చేవాడి చేతిలోకి నేతగాడు ఎలా పోతాడు అన్నదే చేనేత కథలో అసలు విషయం. న్యాయ వాణిజ్యం అనే పేరు పుట్టక ముందే ఆ చదువు తెలుగు నేల మీద మొదలయిందన్నమాట.

1930లో గాంధీజీ పిలుపుతో రంగా స్వాతంత్ర్యోద్యమంలోకి దిగారు. కళాశాల గది వెనుకబడింది. నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం పెట్టి పల్లెల నుంచి వచ్చిన కార్యకర్తలకు పాఠాలు చెప్పారు. 1936లో అఖిల భారత కిసాన్ సభ ఏర్పాటులో ముఖ్యులయ్యారు. జమీందారీ రైతుల గోడు ఊరూరా వినిపించిన రోజులవి. అప్పట్లో నందిగామ తాలూకాలోనే చేరి ఉన్న మునగాల పరగణాలోనూ జమీందారుపై రైతులు తిరగబడ్డారు. 1995లో కన్నుమూసేదాకా రంగా రైతు మాట విడువలేదు.

ఆయన రాజకీయాలతో అందరూ ఏకీభవించాలని లేదు. కాని ఒక్క విషయం కాదనలేము. రైతుకు అన్యాయం జరుగుతోందని అరిచినవారు ఎందరో ఉన్నారు. ఎంత అన్యాయం, ఎక్కడ జరుగుతోందో ముందుగా పుస్తకంలో కట్టి చూపి, తరువాత సభలో అడిగినవారు కొద్దిమంది.

లెక్కల మనిషి ఊళ్ళో కాపురం

స్వాతంత్ర్యం వచ్చాక ఈ పని ప్రభుత్వం చేతికి వచ్చింది. పంటల ధరలపై సలహా చెప్పడానికి 1965లో వ్యవసాయ ధరల కమిషన్ ఏర్పడింది. 1985లో దాని పేరు వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్‌గా మారింది. ధర చెప్పాలంటే ఖర్చు తెలియాలి కదా! అందుకని 1970-71లో సాగు ఖర్చు లెక్కల పథకం పెట్టి, ఆ పనిని చాలా రాష్ట్రాల్లో వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు అప్పగించారు.

పద్ధతి ఇది. కొన్ని ఊళ్ళను కలిపి ఒక గుంపుగా ఎన్నుకొంటారు. అందులో 10 కమతాలు తీసుకొంటారు. చిన్న చెక్కవాడి నుంచి పెద్ద ఆసామీ దాకా 5 తరగతులు చేసి, తరగతికి ఇద్దరు చొప్పున అన్నమాట. లెక్క రాసే ఉద్యోగి ఆ దాపునే ఉండి ఏడాది పొడుగునా ఏ రోజు ఏ పని, ఎందరు మనుషులు, ఎన్ని గంటలు, ఎంత మందు అని రాసుకొంటాడు. దుక్కి మొదలుకొని ఆఖరి తీత దాకా పద్దు సాగుతుంది.

ఇంతకన్న గట్టి ప్రయత్నం పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధనా సంస్థ చేసింది. 1975లో మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు గ్రామాలనూ, మహారాష్ట్రలోని మరో నాలుగు గ్రామాలనూ ఎంచుకొన్నది. ఊరికి 40 కుటుంబాలు. వాటిలో 10 కూలి కుటుంబాలు, తక్కిన 30 చిన్న, మధ్య, పెద్ద రైతు కుటుంబాలు. పల్లెటూరి నుంచి వచ్చి వ్యవసాయ ఆర్థికశాస్త్రం చదివిన యువకులను ఆయా ఊళ్ళలోనే కాపురం పెట్టించారు. మూడు నాలుగు వారాలకొకసారి ప్రతి ఇంటి వరవ, ఖర్చు, అప్పు, తిండి, కూలి రాశారు. ఆ పని పదేళ్ళు సాగింది. మెట్ట సేద్యంపై ప్రపంచంలో ఎక్కడ పెద్ద చర్చ జరిగినా ఆ ఊళ్ళ పద్దులు నేటికీ సాక్ష్యానికి వస్తాయి. కాలువ లేని, వానే దిక్కయిన పల్లెకు ఆ గౌరవం పద్దు పుస్తకం వల్ల వచ్చింది.

మద్దతు ధర ఎలా కడుతున్నారు?

ఈ లెక్కల నుంచి మన జేబుకు వచ్చేది ఏమిటో చూద్దాం. రైతు చేతి నుంచి నిజంగా ఖర్చయిన డబ్బు, సరుకు అంతా కలిపితే ఏ వన్. కౌలుకు తీసుకొన్న భూమికి కట్టిన కౌలు కూడా చేరిస్తే ఏ టూ. దానిపై ఇంటివాళ్ళ కష్టానికి కూలి కడితే ఏ టూ ప్లస్ ఎఫ్.ఎల్. సొంత భూమికి రావలసిన కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా కడితే సీ టూ.

ఎం.ఎస్. స్వామినాథన్ అధ్యక్షతన 2004లో ఏర్పడిన జాతీయ రైతు కమిషన్ ఖర్చు మీద కనీసం 50 శాతం కలిపి ధర ఇవ్వాలని 2006లో సిఫారసు చేసింది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఒకటిన్నర రెట్లు ఇస్తామని బడ్జెట్‌లో ప్రకటించింది. అయితే లెక్కకు తీసుకొన్నది ఏ టూ ప్లస్ ఎఫ్.ఎల్. ఖర్చును. రైతు సంఘాలు అడుగుతున్నది సీ టూ మీద. ఢిల్లీలో ఏళ్ళ తరబడి సాగుతున్న వాదానికి మూలం ఈ రెండు పొడి అక్షరాల మధ్య ఉన్న తేడాయే.

ఉదాహరణకు 2025-26 సీజనుకు మధ్యరకం పింజ పత్తి ఖర్చు క్వింటాకు 5,140 రూపాయలుగా లెక్కగట్టి, దానిపై సగం కలిపి 7,710 రూపాయలు మద్దతు ధరగా నిర్ణయించారు. పొడవు పింజకు 8,110 రూపాయలు. ఈ 5,140లో సొంత చెక్క కౌలు లేదన్నమాట.

కౌలు రైతు సగటులో కరిగిపోతున్నాడు

ఇక్కడే మన మెట్టకు సంబంధించిన చిక్కు ఉంది. ఏ టూ లెక్కలో కౌలు ఉన్న మాట నిజమే. కాని అది అందరి సగటు. సొంత భూమి చేసుకొనేవారి పద్దులో కౌలు ఖర్చు సున్న. కౌలుదారు పద్దులో అదే అన్నిటికన్న బరువైన ఖర్చు కావచ్చు. రెండూ కలిపి సగటు తీస్తే కౌలుదారు భారం పలచబడిపోతుంది. పైగా దేశమంతటి రాష్ట్రాల ఖర్చులను కలిపి ఒకే సగటు తీస్తారు. నోటి మాటపై జరిగే కౌళ్ళు కాగితం మీదికి రాకపోతే ఆ కాస్త లెక్క కూడా తప్పుతుంది.

పంట చేతికి రాక ముందే ఎకరానికి ఇంతని కౌలు చెల్లించి, ఆ మీదట అరువు తెచ్చి పత్తి, మిర్చి వేసేవారు నందిగామ, జగ్గయ్యపేట, పెనుగంచిప్రోలు, వత్సవాయి, చందర్లపాడు పల్లెల్లో ఎందరో ఉన్నారు. వారికి మద్దతు ధర గిట్టుబాటు ధర కాకపోవడానికి కారణం ఈ సగటులోనే ఉంది. ఇది ఎవరో గిట్టక చెప్పే మాట కాదు. లెక్క కట్టే పద్ధతిలోనే ఉన్న లోపం. దీన్ని పట్టి చూపాలన్నా మళ్ళీ లెక్కే కావాలి.

తోటివాడు వేశాడని

పత్తి రైతును చూడడానికి సముద్రాలు దాటి వచ్చిన ఆచార్యులూ ఉన్నారు. అమెరికాలోని సెయింట్ లూయీ నగరపు వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం బోధించిన గ్లెన్ డేవిస్ స్టోన్ వరంగల్ జిల్లా పత్తి పల్లెల్లో ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. 1997-98లో పురుగు పత్తిని తినేసి, అప్పుల పాలై రైతులు ప్రాణాలు తీసుకొన్న జిల్లా అది. ఏ ఊళ్ళో ఏ విత్తనం వేశారు, ఎందుకు వేశారు అన్నది ఆయన ప్రశ్న.

2007లో ప్రకటించిన వ్యాసంలో ఆయన చెప్పినది మనకు కొంత చేదుగా ఉండవచ్చు. ఒక ఏడు ఒక ఊళ్ళో అందరూ ఒకే రకానికి ఎగబడుతున్నారు. మరుసటి ఏడు దాన్ని వదిలేసి ఇంకో రకానికి పోతున్నారు. పక్క ఊళ్ళో మరో రకం. కారణం అడిగితే తోటివాళ్ళు వేశారన్నదే తరచు వచ్చిన జవాబు. చిన్న మడిలో వేసి చూసి, బాగుంటే మరుసటి ఏడు పెంచే పాత అలవాటు పోయిందని ఆయన వాదం. దుకాణంలో ఏడాదికో పేరుతో కొత్త ప్యాకెట్లు దిగుతుంటే, ఏది మంచిదో చూసి నేర్చుకొనే వ్యవధి రైతుకు ఎక్కడిది? తప్పు రైతు తెలివిలో లేదు, నేర్చుకొనే వీలు లేకుండా చేసిన బజారులో ఉందని ఆయన అభిప్రాయం. ఇందులో అన్నిటితో ఏకీభవించని పరిశోధకులూ ఉన్నారు. అయినా, పోయిన మూడేళ్ళలో తాను వేసిన రకాల పేర్లూ, ఒక్కొక్కదాని దిగుబడీ గుర్తున్న రైతులు మన ఊళ్ళో ఎందరున్నారో చూసుకొంటే ఆయన మాటలో ఎంత నిజముందో తెలుస్తుంది.

కాఫీ తోటల నుంచి పత్తి చేల దాకా

ఇక న్యాయ వాణిజ్యం సంగతి. మెక్సికో దేశంలోని ఒహాకా కొండల్లో కాఫీ పండించే పేద రైతుల మధ్య ఫ్రాన్స్ వాన్‌డెర్ హాఫ్ అనే ఫాదిరీ పని చేసేవారు. డాక్టరేటు చదివిన హాలండు దేశస్థుడు. దళారుల చేతిలో రైతులకు దక్కుతున్నదెంతో కళ్ళారా చూసి, తన దేశస్థుడైన నికో రూజెన్‌తో కలిసి 1988లో హాలండులో ఒక ముద్రను ప్రవేశపెట్టారు. ఆ ముద్ర ఉన్న పొట్లం కొంటే రైతుకు నిర్ణీత కనీస ధర ముట్టినట్టు హామీ. దానికి మాక్స్ హవెలార్ అని పేరు పెట్టారు. డచ్చి పాలనలో జావా రైతుల కష్టాలను చూపిన 1860 నాటి నవలలోని పాత్ర పేరది.

1997లో అనేక దేశాల సంఘాలు ఒక్కటయ్యాయి. 2004-05లో ఈ ముద్ర పత్తికి కూడా వచ్చింది. ఏర్పాటులో మూడు అంశాలు ముఖ్యం. బజారు పడిపోయినా ఒక కనీస ధర. ఆ పైన సంఘానికి కొంత అదనపు సొమ్ము, దాన్ని బావికో బడికో దేనికి వాడాలో రైతులే సభ పెట్టి తేల్చుకోవాలి. అడిగితే పంటకు ముందే కొంత పెట్టుబడి. ఒంటరి రైతుకు ఇది దొరకదు, సంఘంగా ఉండి తీరాలి. మన తెలుగు నేల మీద 2004లో మొదలైన చేతన ఆర్గానిక్ సంస్థ ఆదిలాబాద్ ప్రాంతపు గిరిజన రైతులు మొదలైనవారితో ఈ బాటలో సేంద్రియ పత్తి పండింపజేసింది.

వినడానికి బాగానే ఉంది. మరి చేలో ఎలా ఉంది? జపాను పరిశోధకురాలు రియె మకితా ఈ ప్రశ్నతోనే ఆంధ్రప్రదేశ్ పత్తి పల్లెలకు వచ్చారు. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి చుట్టూ కమ్ముకొంటుండగా న్యాయ వాణిజ్యం, సేంద్రియ సాగు ఎలా నిలబడతాయన్నది ఆమె అధ్యయనం. 2012లో అచ్చయిన వ్యాసం శీర్షికలోనే ఇందులో ఒక వైరుధ్యం ఉందన్నారు. తరువాత 2017లో మరో ఆచార్యునితో కలిసి ఆసియా దేశాలలో ఈ ఉద్యమాల వెనుక కనబడని వాస్తవాలపై పుస్తకం తెచ్చారు. బీటీ కాని విత్తనం దుకాణంలో దొరకడమే కష్టమైనప్పుడు సేంద్రియ రైతు ఏం వేయాలన్నది మన రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. మంచి పని అని మెచ్చుకొని ఊరుకోకుండా, లోపల ఏముందో తవ్వి చూడడమే ఈ చదువుకు విలువ తెస్తున్నది.

పత్తి తీసే చేతులకు ఎంత?

రైతుకు మంచి ధర వస్తే కూలికి కూడా మంచి కూలి వస్తుందని అనుకొంటాం. లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్యుల బృందం ఇథియోపియా, ఉగాండా దేశాలలో కాఫీ, తేయాకు, పూల తోటల మధ్య నాలుగేళ్ళు పరిశోధించి 2014లో నివేదిక ఇచ్చింది. న్యాయ వాణిజ్య ముద్ర ఉన్న చోట్ల కూలీలకు, ముద్ర లేని చోట్ల కన్న మెరుగైన కూలి లేదనీ, కొన్నిచోట్ల తక్కువే ఉందనీ వారు తేల్చారు. ముద్ర ఇచ్చే సంస్థవారు ఆ పోలిక సరికాదని వాదించారు. దరిమిలా కూలీల విషయంలో చర్చ పెరిగింది.

తెల్లవారకముందే ఆటో ఎక్కి, నడుముకు గుడ్డ కట్టుకొని కిలోకు ఇంతని పత్తి తీసే ఆడకూలీలు మన ఊళ్ళలో పత్తి లెక్కకు ఆఖరి పేరు. న్యాయమైన ధర గురించి మాట్లాడేటప్పుడు ఆ పేరు మరచిపోరాదని ఆఫ్రికా తోటల్లోని పరిశోధన మనకు గుర్తు చేస్తున్నది. రైతుకు గిట్టనిదే కూలికి పెరగదన్న మాట నిజం. రైతుకు గిట్టినంత మాత్రాన కూలికి పెరుగుతుందన్నది మాత్రం చూసి తేల్చవలసిన మాట.

నేల కూడా పద్దులో ఉండాలి

రేపటి తరం అవసరాలను తాకట్టు పెట్టకుండా నేటి అవసరాలు తీర్చుకోవడమే సుస్థిరాభివృద్ధి అని 1987లో ఐక్యరాజ్యసమితి నియమించిన సంఘం చెప్పింది. తాత తండ్రులు ఇచ్చిన పొలాన్ని అదే సత్తువతో కొడుక్కి ఇవ్వడమని మన భాషలో చెప్పుకోవచ్చు.

కరీంనగర్ ప్రాంతంలో పుట్టి ఢిల్లీలో ఆచార్యులుగా పని చేసిన సి.హెచ్. హనుమంతరావు పేరు ఇక్కడ తలచుకోవాలి. 1982 నుంచి 1986 వరకు ప్రణాళికా సంఘ సభ్యులుగా ఉన్నారు. మెట్ట నేలల పేదరికానికీ, కొట్టుకుపోతున్న మట్టికీ ఉన్న సంబంధం మీద పరిశోధించారు. ఆయన అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1994లో ఇచ్చిన సలహాలపైనే 1995 ఏప్రిల్ నుంచి దేశంలో వాటర్‌షెడ్ పనుల తీరు మారింది. సుమారు 500 హెక్టార్ల పరీవాహకాన్ని ఒక యూనిట్‌గా తీసుకొని, ఊరివాళ్ళే సంఘం కట్టి పని చేసుకోవాలన్నది అందులోని సారాంశం. ఒక పండితుని కాగితం మీది వాక్యం పల్లెలో రాతికట్టగా, ఊటకుంటగా మారడానికి ఇది ఉదాహరణ.

మన దగ్గరికి వస్తే పత్తి, మిర్చి ఖర్చులు భరించలేక సుబాబుల్ తోటలు పెట్టినవారు నందిగామ, కంచికచర్ల, చందర్లపాడు, వీరులపాడు ప్రాంతాల్లో ఎందరో ఉన్నారు. చీడ బాధ తక్కువ, కూలి బెడద తక్కువ. కాని కర్ర అమ్మేవారు వేలమంది, కొనేవి కొద్ది కాగితపు మిల్లులు. బేరం ఎటు మొగ్గుతుందో వేరే చెప్పనక్కరలేదు. చేలో చిక్కు తీరితే కాటా దగ్గర చిక్కు వచ్చిపడింది. పంట, ధర, నేల - మూడింటినీ ఒకే పద్దులో చూడాలని ఈ చదువు చెప్పేది ఇందుకే.

మన పిల్లలకు ఈ చదువు

బాగా చదివే పిల్లలు డాక్టరు, ఇంజనీరు అనుకోవడం పరిపాటి అయింది. ఈ దారి కూడా ఒకటుందని తల్లిదండ్రులు తెలుసుకోవడం మంచిది. 1945లో స్థాపించిన బాపట్ల వ్యవసాయ కళాశాలలో చేరి, వ్యవసాయ ఆర్థికశాస్త్రంలో పై చదువులు చదవవచ్చు. బి.ఏ. ఆర్థికశాస్త్రం చదివినవారు ఆంధ్ర, హైదరాబాద్ విశ్వవిద్యాలయాలలో ఎం.ఏ., పరిశోధన చేయవచ్చు. గుజరాత్‌లోని ఆనంద్‌లో 1979లో ఏర్పడిన గ్రామీణ నిర్వహణ సంస్థ సహకార సంఘాలు నడిపే చదువు చెబుతుంది.

ఇది త్వరగా డబ్బు తెచ్చే దారి కాదు. డాక్టరేటు చేతికి వచ్చేసరికి తోటివారు ఇళ్ళు కట్టుకొని ఉంటారు. ఎండలో ఊళ్ళు తిరగాలి, చెప్పడానికి ఇష్టపడనివారి దగ్గర నిజం రాబట్టాలి. అయితే పొలం పని తెలిసిన పిల్లవాడికి ఈ చదువులో ఒక బలం ఉంది. ఏ ప్రశ్న అడగాలో వాడికి తెలుసు. మూడో తీతకు పత్తి నాణ్యం ఎందుకు తగ్గుతుందో, మిర్చి కల్లంలో తాలు ఎందుకు వేరు చేస్తారో పుస్తకం చూసి నేర్చుకోనక్కరలేదు.

జగ్గయ్యపేట దాపున గరికపాడులో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రం ఆచార్య రంగా పేరు మీది విశ్వవిద్యాలయానిదే. ఊరి పద్దులతో చదువు మొదలుపెట్టినవారి పేరు మన గుమ్మం ముందే ఉందన్నమాట. రైతులు విత్తనం, తెగుళ్ళ సంగతులతో పాటు ఖర్చు లెక్క రాసే పద్ధతి గురించి కూడా అక్కడివారిని అడగడం బాగుంటుంది.

ఒక నోటు పుస్తకం

ఆచార్యులు వచ్చి రాసేదాకా రైతు ఆగనక్కరలేదు. బడికి పోయే పిల్లల చేత ఒక నోటు పుస్తకం పెట్టిస్తే చాలు. తేదీ, చేసిన పని, ఇంటి మనుషులు ఎందరు, కూలి మనుషులు ఎందరు, కొన్న సరుకు, దాని ధర, రొక్కమా అరువా, అరువైతే వడ్డీ ఎంత, విత్తనం రకం పేరు - ఇవి ఒక వైపు. అమ్మిన రోజు కాటా తూకం, తరుగు, తేమ, పలికిన ధర, చేతికి ముట్టిన సొమ్ము - ఇవి మరో వైపు. కౌలుదారయితే కౌలు పైకం మొదటి వరుసలోనే రాయాలి.

దీనివల్ల ఏమి ఒరుగుతుందని అడగవచ్చు. క్వింటాకు 2 కిలోలు తరుగు తీశారనుకొందాం. 7,710 రూపాయల ధర మీద అది 154 రూపాయలు. 20 క్వింటాళ్ళు అమ్మినవాడికి 3,084 రూపాయలు. నోటితో 2 కిలోలంటే చిన్న మాట, పద్దులో 3 వేలంటే పెద్ద మాట. అలాగే పత్తిలో తేమ 8 శాతం మించితే పత్తి కార్పొరేషన్ ధర తగ్గిస్తుంది, 12 శాతం దాటితే కొనదు. రెండు రోజులు ఆరబెట్టడానికి అయ్యే కూలి ఎక్కువా, తేమ వల్ల పోయే ధర ఎక్కువా అన్నది రాసి చూసుకొన్నవాడికే తెలుస్తుంది.

ఒక్క ఇంటి పుస్తకం ఆ ఇంటికే పనికి వస్తుంది. ఊళ్ళో 40 పుస్తకాలుంటే అది ఔరేపల్లి అవుతుంది. అధికారులు వచ్చినప్పుడు, కమిషన్లు విచారించినప్పుడు గిట్టడం లేదన్న మాట ఒక్కటే చెప్పక, ఎకరానికి ఎంత గిట్టలేదో చూపవచ్చు. నందిగామ, జగ్గయ్యపేట కళాశాలల విద్యార్థులు సెలవుల్లో తమ తమ ఊళ్ళలో ఆ పద్దులను క్రోడీకరిస్తే స్లేటర్ శిష్యులు 1916లో చేసిన పనిని మన పిల్లలు మన మెట్టకు చేసినట్టవుతుంది.

రంగా చదివింది ఆక్స్‌ఫర్డ్‌లో. లెక్క మాత్రం పల్లెలో పుట్టింది. పత్తి గింజ వేసేనాడే పుస్తకంలో మొదటి వరుస రాస్తే, కాటా దగ్గర నిలబడేనాటికి రైతు చేతిలో సరుకుతో పాటు సాక్ష్యం కూడా ఉంటుంది. ఆ సాక్ష్యం లేనంతకాలం ధర చెప్పేవాడు ఎదుటివాడే అవుతాడు.